ఇంగ్లీషు సారుకు ఆశ్చర్యం వేసిన రోజు

ప్రొద్దుటూరు బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీలో మా ఇంగ్లీషు సారు నవ్వుతున్నాడు. బతికున్నన్నాళ్లూ ఫొటోకు నవ్వని మనిషి. ఏ పెండ్లిలోనో ఆయనకు తెలియకుండా తీసిన బొమ్మ అయ్యుంటుంది. కింద పాత విద్యార్థులు ఎర్రటి అక్షరాలతో వేయించారు, సారు హఠాన్మరణానికి తీవ్ర దిగ్భ్రాంతి అని. నేను బస్సు దిగి, సంచి భుజానికి తగిలించుకుని, ఆ ఫ్లెక్సీ ముందే నిలబడి నవ్వేశాను. పక్కన పూలమ్ముకునే ఆమె నన్ను ఎగాదిగా చూసింది. చూడదా మరి? పోయిన మనిషి బొమ్మ ముందు నిలబడి పండ్లికిలించే ఆడమనిషిని ఎవరైనా చూస్తారు. కానీ నేనేం చేసేది? దేనికీ ఆశ్చర్యపడనని పట్టుబట్టి బతికిన మనిషిని ఆయన శిష్యులు దిగ్భ్రాంతితో సాగనంపారు. ఆయనే గనక చూసుంటే, "గుండెకు రెండుతూర్లు ఆపరేషన్ అయినోడు పోతే దిగ్భ్రాంతి ఏందిరా? ఈడ నేచురల్లీ అని పడాల" అని ఎర్రపెన్నుతో కొట్టేసేవాడు.

జమ్మలమడుగు హైస్కూల్లో ఆయనా నేనూ చాలా ఏళ్లు కలిసి పనిచేశాం. ఆయనది ఇంగ్లీషు, నాది తెలుగు. ఇద్దరి ఇళ్లూ ప్రొద్దుటూరులోనే కాబట్టి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే బస్సు. బక్కపలచని మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో ఎరుపు పెన్నొకటి, నీలం పెన్నొకటి. ఎవరైనా ఏదైనా వార్త మోసుకొస్తే ముందు కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తేవాడు. తర్వాత కుడిచేతి బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల మీద మెల్లగా నడిచేది. ఒక్కో వేలికి ఒక్కో ఇంగ్లీషు మాటను కేటాయించి పెట్టుకున్నాడు. చూపుడువేలు ఆఫ్ కోర్స్, నడిమివేలు నేచురల్లీ, ఉంగరంవేలు యాజ్ ఎక్స్‌పెక్టెడ్, చిటికెనవేలు నో వండర్. బొటనవేలు ఎక్కడ ఆగితే ఆ మాట బయటికొచ్చేది. వార్త ఎంత పెద్దదైనా ఆ నాలుగింటిలో ఒకదానితో సరిపెట్టేవాడు.

కొత్తలో ఒకసారి బస్సులో నోరు జారాను. "అన్నీ ఒకటే కదా సార్. ఇందులో వింతేమీ లేదు అని చెప్పడమే కదా" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ప్రొద్దుటూరు చేరేదాకా నాకు పాఠం తప్పలేదు.

"ఒకటే ఎట్లయితాయమ్మా? అత్త సచ్చిపోయిందని ఒకామె ఏడుస్తాంటే నువ్వు పోయి ఆఫ్ కోర్స్ అంటావా? అంటే చెప్పు తీసుకుంటాది. ఇది కూడా నాకు తెలీదనుకుంటివా అని అవతలోళ్ల మొహాన కొట్టేది ఆ మాట. అన్నం తింటివా అని అడిగినోనికి ఆఫ్ కోర్స్ అని చెప్పినావనుకో, అడిగినోడు తిక్కోడని అర్థం."

"మరి నేచురల్లీ?"

"అది మెత్తని మాట. ఎవరి మీదా నెపం ఎయ్యదు. ఎండాకాలం పెన్నలో నీళ్లు లేవు, నేచురల్లీ. ముసిలాయప్ప పోయినాడు, నేచురల్లీ. యాడన్నా వాడుకో, నీకేం కాదు."

"యాజ్ ఎక్స్‌పెక్టెడ్?"

"దానికి హక్కుండాల. ముందుగాల నోరు తెరిచి చెప్పినోడే ఆ మాట అనాల. అంతా అయినంక వచ్చి నేను అప్పుడే అనుకుంటి అనేటోళ్లు మనూర్లో శానామంది ఉండారు. వాళ్లకు చెల్లదు."

నో వండర్ అనాలంటే కారణం చేతికి దొరికి ఉండాలట. కారణం తెలియకముందే అంటే అది ఉత్త గొప్పలకు పోవడమట. ఇక పేపర్లలో కనిపించే నాట్ సర్‌ప్రైజింగ్లీ అంటే ఆయనకు ఒళ్లు మంట. అది రాసేవాడు, నేనొక్కడినే తెలివైనవాడిని అని చదివేవాళ్లకు చెప్పుకుంటున్నాడని ఆయన అభియోగం. దానికి ఆయన చేతిలో వేలు లేదు.

ఇవన్నీ ఆయన చాదస్తమనే అనుకునేదాన్ని, ఒకసారి విద్యాశాఖ అధికారి బడి తనిఖీకి వచ్చేదాకా. ఆ అధికారి కొత్తగా చేరిన లెక్కల మాస్టరును, పిల్లలకు ఎక్కాలు వస్తాయా అని మాటవరసకు అడిగాడు. మాస్టరు ఛాతీ విరిచి, "ఆఫ్ కోర్స్ సార్" అన్నాడు. పక్కనే ఉన్న మా సారు కళ్లు మూసుకున్నాడు. అధికారి అప్పటిదాకా ఒక కాలు గడప బయటే పెట్టి ఉన్నవాడు, తిరిగి లోపలికి వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ప్రతి పిల్లనూ లేపి పంతొమ్మిదో ఎక్కం అడిగాడు. ఆయన పోయాక మాస్టరు మొహం వేలాడేసుకుని స్టాఫ్‌రూముకు వచ్చాడు. సారు ఆయన వీపు తట్టి, "ఎస్ సార్ అనింటే చాయ్ తాగి పోయేటోడప్పా. నువ్వు ఆయప్పను తిక్కోన్ని చేస్తివి, ఆయప్ప మనందర్నీ చేసె" అన్నాడు.

సారును ఆశ్చర్యపరచడం మా స్టాఫ్‌రూములో ఒక ఆటగా మారింది. ఎవరు ఆయన నోట ఆ నాలుగు మాటలు కాని మాట అనిపిస్తే వాళ్లకు మిగతావాళ్లు ఉగ్గాని, బజ్జీలు తెప్పించాలి. అందరికంటే పట్టుదల మా అటెండరు కాశీంకు. ఒకనాడు ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు.

"సార్, కుక్కొచ్చి మీ కొత్త చెప్పులు నోట కరుచుకొని పోయింది."

"యాడ ఇడిసినా కాశీం?"

"వంటగది బయట సార్. గుడ్లు ఉడుకుతాండాయే, ఆడ."

కళ్లద్దాలు పైకి పోయాయి. బొటనవేలు చిటికెనవేలు మీద ఆగింది. "నో వండర్" అన్నాడు సారు, మళ్లీ దిద్దుతున్న పేపర్లలో తల దూర్చాడు. సాయంత్రం వట్టికాళ్లతోనే బస్టాండుకు బయల్దేరాడు. ఎండకు కాలిన రోడ్డు మీద ఆయన గెంతుతూ పోతుంటే కాశీం తట్టుకోలేక, బీరువా వెనక దాచిన చెప్పులు తీసుకుని వెంట పరిగెత్తాడు. "నువ్వే దాచింటావని తెలుసులే" అని కూడా అనలేదు ఆ మహానుభావుడు. వేళ్లు లెక్కబెట్టుకుని, "యాజ్ ఎక్స్‌పెక్టెడ్" అని చెప్పులు తొడుక్కున్నాడు. నాకు ఒళ్లు మండింది. ముందుగా నోరు తెరిచి చెప్పనే లేదు కదా, హక్కెక్కడిది అని బస్సులో నిలదీశాను. మనసులో చెప్పుకున్నాడట.

ఆయన భార్యది వేముల దగ్గరి ఒక పల్లె. గొర్రెల మందలున్న ఇంటి ఆడబిడ్డ. మాట ఖంగుమంటుంది, నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆదివారం పూట వాళ్లింటికి పోతే జొన్నరొట్టె, చెనక్కాయల చట్నీ పెట్టి, మొగుడి మీద చాడీలు కూడా వడ్డించేది.

"కొత్త చీర కట్టుకొని ముందర నిలబడితే పేపర్లోంచి తల కూడా ఎత్తడు టీచరమ్మా. నేచురల్లీ అంటాడు. బాగుండాదనా, బాగలేదనా? పెండ్లయిన కొత్తల్లో ఇట్ల ఉన్న్యాడు కాదు. పాప పుట్టినంక ఏం పురుగు కుట్టిందో. నేను సచ్చేలోపల ఆయప్ప నోట్లోంచి అబ్బ అనే మాట ఒకటి ఇనాలని ఉండాది నాకు."

చెప్పి పకపకా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. సారు పేపరు వెనకాల పేజీలు తిప్పుతూ ఉండేవాడు. వాళ్ల కూతురు మాత్రం నవ్వేది కాదు. రొట్టె తుంచుతూ తండ్రి వైపు ఒకసారి చూసి తల దించుకునేది.

ఒక్కతే కూతురు. ఇంట్లో అందరూ పాప అనే పిలిచేవాళ్లు. ఇంటర్ అయ్యాక పశువుల డాక్టరు చదువుకని పరీక్ష రాసింది. మొదటిసారి సీటు రాలేదు. ఏడాదంతా గది తలుపేసుకుని మళ్లీ చదివింది. రెండోసారి వచ్చింది. నెట్ సెంటరు నుంచి పరుగున వచ్చి, చెప్పులు కూడా విడవకుండా తండ్రి ముందు నిలబడి, "నాయనా, సీటొచ్చింది" అంది. సారు కళ్లద్దాలు నుదుటికెత్తాడు. బొటనవేలు ఉంగరంవేలి మీద ఆగింది.

"యాజ్ ఎక్స్‌పెక్టెడ్" అన్నాడు.

పాప ఆ చెప్పులతోనే లోపలికి పోయి సంచి లాగిందట. "నీకు ముందే తెలిసింటే నేను యాల నాయనా ఏడాది పొడుగునా నిద్ర లేకుండా సస్తి? నేను ఏం చేసినా నీకు కొత్త కాదు. నాకీ సీటూ వద్దు, సదువూ వద్దు" అని బట్టలు సర్దుకుని వేముల బస్సెక్కింది. అక్క ఇంటి తాళం చెవి మొగుడి చేతిలో పెట్టి కూతురి వెంట తనూ ఎక్కింది. సోమవారం నాడు కాలేజీకి పోయి సర్టిఫికెట్లు చూపించాలి. ఆ రోజు పోకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నాయన నోరు తెరిచి మనిషి మాట ఒకటి అనేదాకా కదిలేది లేదని పాప మేనమామ ఇంట్లో భీష్మించుకుని కూర్చుంది.

ఈ కథంతా అక్క నాకు ఫోనులో చెప్పింది. "రెండూ మొండికేసినాయి టీచరమ్మా. నేను దేన్ని లాగేది? నువ్వే ఎట్లన్నా ఆయప్పను ఈడికి పిల్చుకొని రా" అంది. మొదటిసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

అది రెండో శనివారం, బడి లేదు. మధ్యాహ్నం పోయి చూస్తే సారు వరండాలో పొద్దుటి హోటలు పొట్లం ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇడ్లీ తుంచాడే గానీ నోట్లో పెట్టలేదు. నేను ఏమీ అడక్కుండా తలుపుకు తాళం వేసి, ఆయన్ను పులివెందుల బస్సెక్కించాను. ముద్దనూరు దాటేదాకా ఓపిక పట్టాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు.

"ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోతుంది సార్? బిడ్డ భవిష్యత్తు కంటే మీ వేళ్ల లెక్క ఎక్కువా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను అంటే పాపకు తగుల్తాది టీచర్" అన్నాడు.

"ఏం తగులుతుంది?"

"దిష్టి."

నేను ఆయన మొహంలోకి చూశాను. బడి గేటుకు ఎవరో కట్టిన నిమ్మకాయా మిరపకాయల దండను తెంపేసి, ఇది మూఢనమ్మకం అని ప్రార్థన సమయంలో పిల్లలందరికీ ఉపన్యాసం ఇచ్చిన మనిషి ఈయనే.

"నవ్వుకుంటావని తెలుసు. పాప తొలిసారి అడుగులేసిన పొద్దు నేను చప్పట్లు కొట్టి, అబ్బ, సూడండ్రా నా బిడ్డ ఎట్ల నడుస్తాందో అని వీధంతా ఇనపడేట్లు అరిస్తి. ఆ సాయంత్రమే జొరమొచ్చి ఫిట్స్ వచ్చినాయి. నా చేతుల్లోనే కొట్టుకులాడింది. ఆస్పత్రిలో మాయమ్మ అనింది, నీ కన్నే తగిలిందిరా, ఇంగ ఆ పిల్లను సూసి నోరు తెరవాకు అని."

"అది మామూలు జ్వరం సార్. చంటిపిల్లలకు వస్తుంది."

"నాకు తెలీదా? నేను పదిమందికి చెప్పేది అదే. బిడ్డ చేతుల్లో కొట్టుకులాడుతాంటే సైన్సు గుర్తుకు రాదమ్మా. ఆ పొద్దే నోరు మూస్తి. పాప కాడ ఒకటే మూస్తే తెలిసిపోతాదని అందరి కాడా మూస్తి. అబ్బ అంటేనే కదా దిష్టి. యాజ్ ఎక్స్‌పెక్టెడ్ అంటే ఎవరికి తగుల్తాది?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆయన నెత్తిన ఒక్కటి మొట్టాలని కూడా అనిపించింది. చంటిపిల్ల బుగ్గన పెట్టే నల్లచుక్క లాగా ఈ మనిషి ఇన్నేళ్లూ ఆ పిల్లకు ఇంగ్లీషు మాటలు పెట్టుకుంటూ వచ్చాడు. ఆ చుక్క ఎందుకు పెడుతున్నాడో ఆ పిల్లకు తెలియదు.

"మరి ఇదే పాపకు చెప్పొచ్చు కదా?"

"ఇంగ్లీషు సారు దిష్టికి భయపడతాడని తెలిస్తే కాశీం నన్ను బతకనిస్తాడా? నువ్వు కూడా చెప్పాకు" అన్నాడు. నేను మాటివ్వలేదు. ఎట్లాగైనా చెప్పేయాలనే అనుకుంటూ పులివెందులలో బస్సు మారాను.

మేము ఆ ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్క తమ్ముడు మందతో పోయి ఇంకా రాలేదు. ఇంటి పక్కన గొర్రెల దొడ్డి దగ్గర అక్క మాకు ఎదురొచ్చి, నోటి మీద వేలు పెట్టింది. "మాట్లాడాకండి. గొర్రె ఈనలేక అవస్థ పడుతాంది. పిల్ల అడ్డం తిరిగింది."

దొడ్డిలో పాప మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది. చేతికి సబ్బు, నూనె పూసుకుని, కళ్లు మూసుకుని, గొర్రె కడుపులో పిల్ల ఎట్లా ఉందో వేళ్లతోనే వెతుకుతోంది. "కాళ్లు వెనక్కి మడుచుకోనుండాయి మా" అని గొణిగింది. గొర్రె మూలిగినప్పుడు ఆగింది, తేరుకున్నాక మళ్లీ కదిపింది. కాసేపటికి ఒక కాలు దొరికింది, తర్వాత రెండోది. మెల్లగా లాగితే తడి ముద్దలాగా పిల్ల బయటపడింది. ఊపిరి లేదు. పాప దాని మూతి తుడిచి, వెనక కాళ్లు పట్టి తలకిందులుగా ఊపి, గోనెపట్టాతో ఒళ్లంతా రుద్దింది. పిల్ల తుమ్మింది, కాళ్లు తన్నుకుంది, మే అంది.

నేను సారు వైపు చూశాను. కళ్లద్దాలు నుదుటి మీదే ఉన్నాయి. బొటనవేలు నాలుగు వేళ్ల మీదా పరిగెడుతోంది, ఎక్కడా ఆగడం లేదు.

"అబ్బ" అన్నాడు సారు. చిన్నగా కాదు. "అబ్బ, నా తల్లీ. ఏం చేతులే నీయి. అబ్బబ్బ." ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూశారు. అక్క దడి పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

అన్నాక ఆయన మొహం పాలిపోయింది. "ఉప్పు యాడుండాది? మిరపకాయలు?" అంటూ వంటింట్లోకి పరిగెత్తి, పిడికిలి నిండా కల్లుప్పు, ఎండుమిరపకాయలు తెచ్చాడు. గొర్రెపిల్లను ఎత్తుకుని నిలబడిన పాప చుట్టూ ఆ పిడికిలి తిప్పడం మొదలుపెట్టాడు. దిష్టి తీసేటప్పుడు ఎవరైనా ఇరుగుపొరుగుల పేర్లు చెబుతారు, దారిన పోయేవాళ్లను కూడా కలుపుతారు. సారు వాళ్లెవరినీ అనలేదు.

"నా దిష్టి, నా దిష్టి. సైకిలు నేర్చుకున్న్యప్పుడు నా దిష్టి. పదో తరగతి పాసయినప్పుడు నా దిష్టి. లంగా వోణీ కట్టుకొని గడప దాటినప్పుడు నా దిష్టి. సీటొచ్చిందని ఉరుక్కుంటా వచ్చినప్పుడు నా దిష్టి. ఇప్పుడు, ఈ పొద్దు, నా దిష్టి."

"నాయనా, అన్నితూర్లా?" అంది పాప. ఆయన జవాబు చెప్పకుండా ఆ పిడికెడూ తీసుకుపోయి, నీళ్లు కాగుతున్న పొయ్యిలో వేశాడు.

సోమవారం పొద్దున తండ్రీకూతుళ్లిద్దరూ ఫైలు పట్టుకుని కాలేజీకి పోయారని తర్వాత అక్క ఫోను చేసి చెప్పింది. నాకు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు ఉండేది ఆ పొయ్యి దగ్గరి సంగతే. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పులో పడితే ఘాటు రావాలి. ఘాటొచ్చి అందరూ దగ్గితే ఏ దిష్టీ లేదని అర్థం. రాకపోతే గట్టి దిష్టే తగిలిందని, మనిషిని చూసి ఎవరో అంతగా మురిసిపోయి కన్ను వేశారని అర్థం. మా సీమలో ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు. పాప పొయ్యి దగ్గరికి వచ్చి, గొర్రెపిల్లను ఎత్తుకుని, ఆ పొగ వైపే చూస్తూ నిలబడింది.

మిరపకాయలు నల్లబడ్డాయి. పొగ లేచింది. అసలు సంగతి చెబుతున్నాను, అట్లాంటి ఘాటు నా జన్మలో ఎరగను. గొంతులో కారం కూరినట్టయింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అక్క మొహం ఎర్రగా కందిపోయింది, పెదవి కొరుక్కుని నిలబడింది. సారు కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఘాటు వచ్చిందా మా?" అని అడిగింది పాప.

అక్క తల అడ్డంగా ఊపింది.

"టీచర్, మీకు?"

నేనూ ఊపాను.

"నాయనా?"

"రాలేదు పాపా" అన్నాడు సారు గొంతు బిగబట్టి. "రవ్వంత కూడా రాలేదు."

పాప కళ్ల నుంచీ నీళ్లు కారుతున్నాయి. "నాకూ రాలేదు నాయనా" అని, దగ్గు బయటపడకుండా గొర్రెపిల్ల మెడలో మొహం దాచుకుంది.